బియ్యం డబ్బాలో పోలీసు జీపు

ఆ శనివారం మధ్యాహ్నం ఫోనులో పాట పెట్టి, ఖాళీ బియ్యం డబ్బాలోకి దించి, మూత సగం వేసి, మళ్ళీ చపాతీ పిండిలో చేతులు పెట్టాను. పాట మొదలై మూడు సెకన్లయింది. మా నాలుగేళ్ళ అబ్బాయి నేల మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా వైపు చూడటం లేదు. కిటికీ దగ్గర అలిగి, అటు తిరిగి కూర్చున్న వాళ్ళక్క వీపు వైపు చూస్తున్నాడు. ఐదు సెకన్లు. పది. వాడు మెల్లగా లేచాడు. సోఫా చుట్టూ తిరిగి వెళ్ళి, అక్కకి ఎదురుగా నిలబడి, ఆ పిల్ల నోటికేసి చూశాడు.

నా చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

ఆట మాకు కొత్తది కాదు. డబ్బాలోంచి సన్నగా పాట వినిపిస్తుంది, అది ఏ పాటో ముందు చెప్పినవాళ్ళకి నెయ్యీ పంచదారా రాసిన మొదటి చపాతీ. ఏడేళ్ళ మా అమ్మాయే ఎక్కువసార్లు ముందు అరిచేది. అరక్షణం తర్వాత అదే మాట వాడూ అరిచేవాడు. చిన్నవాడు కదా, నాలుక తిరగడానికి ఆ మాత్రం ఆలస్యం అవుతుందిలే అనుకునేదాన్ని. అప్పుడప్పుడూ గెలిచేవాడు కూడా. ఆ రోజు పొద్దున వాడు అక్క రంగు పెన్సిళ్ళు రెండు విరగ్గొట్టాడు. అందుకని అది వాడికి ముఖం చూపించలేదు. అంతే జరిగింది. ఆ రెండు పెన్సిళ్ళు విరగకపోయి ఉంటే ఇంకెన్నాళ్ళు పట్టేదో నాకు.

ఆ పాటల సంగతి కొంచెం చెప్పాలి. నా చిన్నప్పుడు మా నాన్న ప్రతి ఆదివారం హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కోసం తిరిగేవాడు. ఒకసారి ఇంగ్లీషు నేర్పే క్యాసెట్ అని ఒకటి కొనుక్కొచ్చాడు. డబ్బా మీద గడియారం స్తంభం బొమ్మ, సూటు వేసుకున్న ఒకాయన బొమ్మ ఉన్నాయి. నేను తెలుగు మీడియంలో ఆరో తరగతి. టేప్ రికార్డరు ముందు నన్ను, తమ్ముణ్ణి నోటు పుస్తకాలతో కూర్చోబెట్టి బటన్ నొక్కాడు. పాఠం రాలేదు. పెద్ద బ్యాండు మోగింది. నలభై సెకన్ల తర్వాత ఆగింది. ఎవరో దగ్గారు. ఇంకో బ్యాండు.

ఇంగ్లండులో ఎవరో, ఏ ఏడాదో, తమ ఇంటి టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టుకుని, సీరియళ్ళ మొదట్లో వచ్చే సంగీతాలన్నీ వరసగా పట్టుకున్నారన్నమాట. అది ఆ క్యాసెట్ డబ్బాలోకి ఎలా వచ్చిందో, ఆబిడ్స్ దాకా ఎలా చేరిందో దేవుడికే తెలియాలి. ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య ఆ ఇల్లు వినిపించేది. కప్పూ సాసరూ తగిలిన చప్పుడు, ఒక కుక్క, టీ తాగడానికి రమ్మని ఎవరినో పిలిచే ఒక ఆవిడ. రెండో వైపు తిప్పితే తిక్క పాటలు. ఒకాయన ముక్కుతో పాడుతుంటే మధ్యలో సైకిల్ బెల్లు. ఇంకో పాటలో పాడేవాళ్ళకే నవ్వు ఆగదు, డ్రమ్ము మాత్రం సీరియస్‌గా కొడుతూనే ఉంటుంది.

నాన్న మోసపోయానని ఒప్పుకోలేదు. "ఇంగ్లీషోళ్ళు ఎట్ల దగ్గుతరో నేర్చుకోండ్రి ముందుగాల," అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "ఆ దగ్గుకు గూడ పరీక్ష పెడ్తరా?" అంది.

ఆ సీరియళ్ళేవీ మేము చూడలేదు. వాటి పేర్లు కూడా తెలియవు. అందుకని మేమే పెట్టుకున్నాం. డ్రమ్ములతో దూసుకొచ్చేది పోలీసు జీపు. లావుపాటి బూర ఒకటి ఆగి ఆగి నడిచేది గవర్నమెంటాఫీసు. ఒంటరిగా, దిగులుగా ఒక ట్రంపెట్ వచ్చేది సోమవారం పొద్దున. ఆకాశంలో ఎక్కడో కుక్కర్ విజిల్ ఊళ పెడుతున్నట్టుండేది కుక్కర్ దయ్యం. దానికి తమ్ముడు మంచం కిందకి దూరేవాడు. కరెంటు పోయిన సాయంత్రాలు బ్యాటరీలు వేసి అదే క్యాసెట్. నేను పక్క గదిలోంచి రెండు స్వరాలు వినగానే పేరు చెప్పేదాన్ని. తమ్ముడు టేపు పాడవకముందే అదంతా కంప్యూటర్లోకి ఎక్కించాడు. అలా ఆ దగ్గుతో, ఆ కుక్కతో సహా నాతో జర్మనీ వచ్చింది.

కైసర్స్‌లౌటర్న్ వచ్చిన మొదటి చలికాలం, ఒంటరిగా ఉన్న పగళ్ళలో ఒకసారి ఇంటర్‌నెట్లో పాత ఇంగ్లీషు సీరియళ్ళ సంగీతాలు ఒక్కొక్కటీ వింటూ వెతికాను. మా పోలీసు జీపు సంగీతానికి అసలు వీడియో దొరికింది. అందులో జీపూ లేదు, పోలీసూ లేదు. ఇద్దరు ముసలివాళ్ళు పూలకుండీల మధ్య నిలబడి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. లాప్‌టాప్ మూసేశాను. నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "వాళ్ళకు తెల్వదు తియ్, మన పేర్లే కరెక్టు," అన్నాడు. నేనూ మళ్ళీ వెతకలేదు. నా పిల్లలకీ ఆ పేర్లే నేర్పాను.

మాది మూడో అంతస్తు. ఒంటిగంట నుంచి మూడింటిదాకా చప్పుడు చెయ్యకూడదని ఇల్లు తీసుకున్నప్పుడిచ్చిన కాగితంలో రాసుంది. కింది ఇంటావిడకి ఆ కాగితం కంఠతా వచ్చు. అందుకే ఫోను డబ్బాలోకి వెళ్ళింది. పిల్లల అరుపుల్ని దాచే డబ్బా మాత్రం నాకు దొరకలేదు. వినీ వినబడని పాటని పట్టుకోవడం పిల్లలకి ఇంకా సరదా అయింది. ఇద్దరికీ సరదాయే అనుకున్నాను.

కీటాలో, అంటే వాడు పగలంతా ఉండే పిల్లల బడిలో, టీచరు అంతకు ముందు ఆరు నెలల్లో నాతో రెండుసార్లు మాట్లాడింది. గుండ్రంగా కూర్చోబెట్టి కథ చెబుతుంటే మీవాడు ఎటో చూస్తాడు, పిలిస్తే పలకడు, మాటల్లో సగం అక్షరాలు మింగేస్తాడు, ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి అని, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. నేను తలూపాను. ఇంటికొచ్చి తెలిసినవాళ్ళందరినీ అడిగాను. మా వాట్సాప్ గ్రూపులో ఉన్న తెలుగు తల్లులందరిదీ ఒకటే జవాబు. ఇంట్లో తెలుగు, టీవీలో ఇంగ్లీషు, కీటాలో జర్మన్. మూడు భాషల పిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు, మావాడు ఐదేళ్ళకి మొదలెట్టాడు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు. నాకు ఆ జవాబు ఎంత హాయిగా ఉందంటే, దాన్ని ఇంకెవరూ కదపకుండా దాచుకున్నాను. టీచరుకి కూడా అదే చెప్పాను. మూడు భాషలండీ అని. ఆవిడ నన్ను కాసేపు చూసి, అవునవును అని ఊరుకుంది.

చేతులు కడుక్కోకుండానే ఆ మధ్యాహ్నం మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను.

"నువ్వు చెప్పకపోతే తమ్ముడికి పాట తెలియదా?"

అది కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీస్తోంది. మళ్ళీ అడిగాను.

"ఎర్ హ్యోర్ట్ నిష్ట్, అమ్మా," అంది జర్మన్లో. వాడికి వినబడదు అని. తర్వాత తెలుగులోకి వచ్చింది. "గట్టిగా అంటే వింటాడు. మెల్లగా అంటే వినడు. నేను నోరు పెద్దగా చేసి చెప్తాను కదా, అప్పుడు వాడికి తెలుస్తుంది."

"ఎప్పటినుంచి?"

"తెలీదు. చాలా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు ఏడుస్తావు కదా," అంది. "ఇంకా, కీటాలోంచి వాణ్ణి పంపించేస్తారు కదా."

అరక్షణం ఆలస్యం ఎందుకో అప్పుడు తెలిసింది. వాడు గెలిచిన రోజులు ఎలా గెలిచాడో కూడా తెలిసింది. అక్క నోరు తెరిచి, శబ్దం రానివ్వకుండా, వాడు అరిచేదాకా ఆగేది.

సాయంత్రం దాకా నేను చేసిన పనులు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాడి వెనక నిలబడి గుసగుసగా పేరు పెట్టి పిలిచాను. బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేశాను. గ్లాసు మీద చెంచాతో కొట్టాను. చెంచాకి తిరిగాడు. బిస్కెట్‌కి తిరగలేదు. వాడు బిస్కెట్‌కి తిరక్కపోవడం అంటే మా ఇంట్లో చిన్న విషయం కాదు. మా ఆయన ఆఫీసు లాప్‌టాప్ పక్కన పెట్టి కాసేపు చూశాడు.

"ఏందిది? పిల్లోడి మీద ఈ పరీక్షలేంది, పోలీసోళ్ళు దొంగని ఎంక్వైరీ చేసినట్టు. ఆట్లో ఉన్నాడు, తిరగలా. నేనూ తిరగను, నువ్వు పిలిస్తే."

"నువ్వు వినబడీ తిరగవు. వాడు వినబడక తిరగట్లేదు."

నవ్వబోయి ఆగిపోయాడు. తను కూడా వాడి వెనక్కి వెళ్ళి, చిన్నగా, చాక్లెట్ అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తర్వాత ఇటు రాకుండా బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

మా పై అంతస్తులో వరంగల్ అమ్మాయి ఒకతి, ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతోంది, ఇంకో ఇద్దరు విద్యార్థినులతో కలిసి ఉంటుంది. పప్పు తినాలనిపించినప్పుడు కిందికొస్తుంది, పిల్లలతో ఆడుతుంది. ఆ రాత్రి భోజనానికి వచ్చింది. సంగతి చెప్పగానే చెయ్యి కంచంలోనే పెట్టి తల దించుకుంది.

"అక్కా, ఏమనుకోకు. ఎనుకకెళ్ళి పిలిస్తె వాడు పలుకడు. ముందటికొస్తెనే మాట్లాడుతడు. నాకు డౌటొచ్చింది. కని నువ్వే మూడు భాషలు, మూడు భాషలు అని చెప్పవడ్తివి. మీకంటె నాకెక్కువ తెలుసా అనుకున్న."

"చెప్పాల్సింది."

"చెప్తె వినేటట్టున్నవా నువ్వు?"

ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. ఇంకో గరిటె పప్పు వేశాను.

సోమవారం పొద్దున్నే ఆ అమ్మాయి క్లాసు మానేసి నాతో పిల్లల డాక్టరు దగ్గరికి వచ్చింది. నాకు జర్మన్ వచ్చు, అంగట్లో కూరగాయలు కొనేంత, బస్సు తప్పిపోతే అడిగేంత. చెవుల గురించి భయపడేంత రాదు. డాక్టరమ్మ చెవుల్లోకి లైటు వేసి చూసి, త్వరగా చూడాలని ఒక కాగితం రాసిచ్చింది. చెవి డాక్టరుకి ఫోన్ చేస్తే మొదట మూడు నెలల తర్వాత టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అన్నారు. కాగితం మీద ఉన్న, ఇది అర్జెంటని చెప్పే కోడు అక్షరాలు చదివి వినిపించాక పదకొండు రోజులకి వచ్చింది. ఆ పదకొండు రోజులూ ఫోనులో నేనేం చదివానో ఇక్కడ రాయను. పిల్లలు పడుకున్నాక చదివేదాన్ని. ఇప్పుడు అదే సమయంలో ఇది రాస్తున్నాను.

పరీక్ష గది అలమరా అంత ఉంది. వాడికి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టారు. ముందు చిల్లులున్న చెక్క, పక్కన గిన్నెలో రంగు రంగుల పుల్లలు. శబ్దం వినబడినప్పుడల్లా ఒక పుల్ల గుచ్చాలి. పరీక్ష చేసే ఆవిడ నన్ను మూల కూర్చోమని, తల కూడా కదపొద్దంది. వాడు చాలా బుద్ధిగా మొదలుపెట్టాడు. ఒక పుల్ల. కాసేపాగి ఒకటి. మళ్ళీ కాసేపాగి ఒకటి. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నీ వింటున్నాడు అనుకున్నాను. ఆవిడ మాత్రం తన కుర్చీ తిప్పుకుని వాడికి వీపు పెట్టింది. వాడి చెయ్యి గాలిలో ఆగిపోయింది. పుల్ల పట్టుకుని నా వైపు చూశాడు. నేను తల కదపలేదు. అంతసేపూ వాడు ఆవిడ ముఖం చూసి గుచ్చాడు. ఆవిడ ముఖం ఏమీ చెప్పనప్పుడు, అందరినీ సంతోషపెట్టడానికి, ఒక లెక్క ప్రకారం గుచ్చాడు.

కర్ణభేరి వెనక నీరు చేరిందని డాక్టరు చెప్పాడు. రెండు చెవుల్లోనూ. నీరంటే నీరు కాదట, జిగురులా చిక్కబడిందట. కాగితం మీద చెవి బొమ్మ గీసి చూపించాడు. చిన్నపిల్లల్లో ఎక్కువగా వచ్చేదేనట. నీళ్ళలో మునిగి వింటే మాటలు ఎలా ఉంటాయో వాడికి అలా ఉంటాయన్నాడు. నేను రెండే ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. ఎప్పటికీ ఇంతేనా? నా వల్లా? మొదటిది అడిగాను. కాదు, పోతుంది, మూడు నెలలు చూద్దాం, పోకపోతే చిన్న ఆపరేషన్ అన్నాడు. రెండోది అడగలేదు.

ఆ మూడు నెలలు మేమందరం ముఖాలు చూపించుకుంటూ బతికాం. మా ఆయన వాడితో మాట్లాడాల్సి వస్తే మోకాళ్ళ మీద కూర్చునేవాడు. కీటా టీచరుకి జరిగింది చెప్పి, మూడు భాషలన్నందుకు క్షమించమన్నాను. ఆవిడ వాణ్ణి గుండ్రంలో తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పాటల ఆట మానేద్దామనుకున్నాను. వాడు ఒప్పుకోలేదు. డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, మూత మీద అరచెయ్యి వేసి కూర్చున్నాడు. పాట పెట్టాను. కళ్ళు మూసుకుని, "పోలీసు జీపు!" అని అరిచాడు. డ్రమ్ములు చేతికి తెలిశాయి. మిగతావి తెలియలేదు. సోమవారం పొద్దునకీ గవర్నమెంటాఫీసుకీ వాడి చేతికి తేడా లేదు.

నీరు పోలేదు. ఒక శుక్రవారం ఆపరేషన్. మత్తు ఇచ్చే గదిలోకి వాణ్ణి తీసుకెళ్తుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.  వాడి చెవుల్లో బియ్యపు గింజంత గొట్టాలు పెట్టడానికి పట్టింది అరగంటే. ఆ అరగంటలో ఆయన అన్న మాట ఒక్కటే. "నేనూ మూడు భాషలే అనుకున్నానే." ఇద్దరం అనుకున్నాం. ఆ మాట విన్నాక తప్పు నా ఒక్కదానిదే అనిపించలేదు.

మధ్యాహ్నానికి ఇంటికి పంపించేశారు. బస్సు తలుపు కీచుమంటే వాడు రెండు చెవులూ మూసుకుని నా కొంగులోకి... చున్నీలోకి దూరాడు. ఇంట్లో అడుగుపెట్టి వంటింటి ముందు నిలబడిపోయాడు.

"అమ్మా, ఫ్రిజ్ ఎందుకు ఏడుస్తోంది?"

వాడి ముందుకెళ్ళి కూర్చుని చెప్పబోయాను. వాడు నా నోటికేసి చూడటం లేదు. ఫ్రిజ్‌నే చూస్తున్నాడు. సాయంత్రం వాడి అక్క వచ్చి, అలవాటు కొద్దీ నోరు ఇంతలా తెరిచి ఏదో చెప్పింది. "అరవకు," అన్నాడు. ఆ పిల్ల ఏమనుకోవాలో తెలియక నావైపు చూసింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. కడుపునొప్పి అంది. కాదని నాకు తెలుసు. ఏడేళ్ళ పిల్ల ఏడాది పాటు చేసిన ఉద్యోగం ఆ ఒక్క మధ్యాహ్నం పోయింది. పైగా పెన్సిళ్ళ రోజు వీపు తిప్పి కూర్చున్నందుకే తమ్ముణ్ణి డాక్టర్లు పట్టుకెళ్ళారని దాని మనసులో ఉంది. అది నాకు వరంగల్ అమ్మాయి చెప్పింది, ఈసారి ఆలస్యం చెయ్యకుండా.

మర్నాడు శనివారం. వాన లేదు. పిండి కలపకముందే డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి ఇద్దరినీ కూర్చోబెట్టాను. ముందు క్యాసెట్ మొదట్లో ఉండే బరబర వినిపించింది. "అదేంటి?" అన్నాడు వాడు. టేపు చప్పుడు అన్నాను. "అది కూడా పాటేనా?" కుక్క మొరిగింది, వాడు సోఫా కింద వెతికాడు. ట్రంపెట్ మొదలైంది. వాడి నోరు తెరుచుకుంది. ఏమీ అరవలేదు.

"సోమవారం పొద్దున," అని అక్క మెల్లగా అందించింది.

"కాదు," అన్నాడు వాడు. "ఇది నాకు తెలీదు."

అప్పుడు నేను వాళ్ళతో చెప్పాను. "ఈ రోజు నుంచి పాత పేర్లు లేవు. అవి తాత, నేను, మామయ్య పెట్టుకున్నవి. తమ్ముడు ఇవి మొదటిసారి వింటున్నాడు. అందుకని ఒకటి వాడు పేరు పెడతాడు, ఒకటి నువ్వు."

"దస్ ఇస్ట్ ఉన్‌ఫేర్!" అంది అమ్మాయి, ఇది అన్యాయం అని. "నాకన్నీ వచ్చు కదా!"

"నీకన్నీ వచ్చు. వాడికి కూడా నువ్వే నేర్పావు. ఆ రోజు నువ్వు కిటికీ వైపు తిరిగావు కాబట్టే నాకు తెలిసింది, లేకపోతే నాకు తెలిసేది కాదు. ఇంక నువ్వు నోరు పెద్దగా చెయ్యక్కర్లేదు నాన్నా. కోపమొస్తే కిటికీ వైపు తిరిగి కూర్చో. ఎంతసేపైనా కూర్చో. వాడికి వినబడుతుంది."